రాళ్లదారిలో వెలుగు లెక్క

హెడ్‌లైటు బల్బు కొనడానికి వెళితే పెట్టె మీద అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో కనిపించేది ల్యూమెన్ల అంకె. 8,000, 12,000, 20,000. బల్బు నుంచి అన్ని వైపులకూ కలిపి ఎంత కాంతి వెలువడుతోందో చెప్పే కొలత అది. ఆ కాంతిలో ఎంత దారి మీద పడుతుందో, ఎంత చెట్టుకొమ్మల్లోకి పోతుందో, ఎంత ఎదురుగా వచ్చేవాడి కళ్లలో కొడుతుందో ఆ అంకెను చూసి తెలుసుకోలేం. గుడారం, నీళ్ల క్యాన్లు, వంట సామాను, అదనపు డీజిల్ ఎక్కించుకుని తారురోడ్డు లేని చోట్ల వారాల తరబడి తిరగడానికి తయారుచేసుకునే ఓవర్‌ల్యాండ్ బండ్లలో యజమానులు ముందుగా మార్చే వాటిలో హెడ్‌లైట్లు ఒకటి. మార్చాలనుకోవడంలో తప్పు లేదు. చాలా బండ్లకు ఫ్యాక్టరీ నుంచి వచ్చే లైట్లు నిజంగానే నాసిగా ఉంటాయి. అయితే వెలుగు ఎంత అని అడిగేముందు ఎక్కడ పడాలి అని అడగాలని, ఆ వరస తిరగేస్తే డబ్బు పోయి చూపు కూడా తగ్గే ప్రమాదం ఉందని ఈ అధ్యాయంలో చూపిస్తాను.

ఏడంగుళాల గుండ్రటి లైటునే తీసుకుందాం. 1940 మోడల్ కార్ల నుంచి అమెరికా ఈ సైజు సీల్డ్ బీమ్ లైట్లనే ప్రమాణం చేసింది. గాజు, అద్దం, తీగ అన్నీ ఒకే ముద్దగా ఉండేవి. తీగ తెగితే మొత్తం మార్చాల్సిందే. ఆ కొలత ప్రపంచమంతా పాకింది. పాత ల్యాండ్ రోవర్ డిఫెండర్, పాత జీప్ ర్యాంగ్లర్, మన దగ్గర మహీంద్రా జీపులు, మారుతి జిప్సీ, చివరికి బుల్లెట్ మోటార్‌సైకిల్ దాకా అదే గుండ్రటి ముఖం. అందుకే ఈ సైజులో దొరికినన్ని రకాల లైట్లు మరే సైజులోనూ దొరకవు. బల్బు విడిగా మార్చుకునే రకాల్లో ఎక్కువగా ఉండేది హెచ్4 హాలోజెన్. 1970ల మొదట్లో వచ్చిన ఈ బల్బులో రెండు తీగలుంటాయి: బ్రైట్‌కు 60 వాట్లది, డిమ్‌కు 55 వాట్లది. డిమ్ తీగ కింద చెంచా ఆకారంలో చిన్న లోహపు రేకు ఉంటుంది. బల్బును వెలుతురుకు ఎత్తి చూస్తే స్పష్టంగా కనబడుతుంది. ఈ లైటులోని తెలివంతా ఆ రేకులోనే ఉంది. డిమ్ తీగ నుంచి కిందికి పోయే కాంతిని అది అడ్డుకుంటుంది. పైకి పోయిన కాంతి మాత్రమే వెనకున్న గిన్నె అద్దం పై సగానికి తగిలి, అక్కడి నుంచి ముందుకూ కిందికీ మళ్లుతుంది. గోడ మీద వేసి చూస్తే పైన చీకటి, కింద వెలుతురు, మధ్యలో గీత గీసినట్టు అంచు. ఎడమ వైపు నడిచే దేశాల లైట్లలో ఆ గీత ఎడమ చివర కొంచెం పైకి లేస్తుంది, రోడ్డు వారగా నడిచే మనిషి కనబడాలని.

ఇక్కడే మన వాడుకలోని ఒక విచిత్రం చెప్పుకోవాలి. ఎదుటివారికి కళ్లు చెదరకుండా హెడ్‌లైటు గాజు పై సగానికి నల్లరంగు పూయించే అలవాటు ఒకప్పుడు లారీలకూ బస్సులకూ బాగా ఉండేది. ఉద్దేశం మంచిదే. కానీ పైన చెప్పిన లైటులో డిమ్ కాంతి వచ్చేదే అద్దం పై సగం నుంచి. అక్కడ రంగు పూస్తే మూసుకుపోయేది ఎవరి కంట్లోనూ పడని డిమ్ వెలుగు. కింది సగం నుంచి వచ్చే బ్రైట్ వెలుగు మాత్రం నిక్షేపంగా బయటికొస్తుంది. ముందు దారి సరిగా కనబడని డ్రైవరు ఇక బ్రైట్ దించడు. లైటు ఎలా పనిచేస్తుందో తెలియకుండా దాన్ని బాగుచేయబోతే జరిగేది ఇదే. రంగు డబ్బా స్థానంలో ఇప్పుడు ఎల్‌ఈడీ బల్బు వచ్చింది, అంతే తేడా.

ఆ బల్బు దగ్గరికి వెళ్లేముందు ఉన్న బల్బుకు దాని తిండి అందుతోందో లేదో చూడాలి. హాలోజెన్ తీగ వెలుగు వోల్టేజీతో సమానంగా పెరగదు, దాదాపు 3.4వ ఘాతంతో పెరుగుతుంది. హెచ్4 డిమ్ తీగకు 13.2 వోల్టుల దగ్గర 1000 ల్యూమెన్లు రావాలని ప్రమాణం. అదే తీగకు 12 వోల్టులే అందితే వచ్చేది సుమారు 720. ఒక వోల్టు పైచిలుకు తగ్గితే పావు వంతుకు మించి వెలుగు మాయం. పాత బండ్లలో ఈ నష్టం మామూలే. బ్యాటరీ నుంచి కరెంటు డ్యాష్‌బోర్డు దాకా వెళ్లి, స్విచ్చి కాంటాక్టుల గుండా తిరిగి ముందుకొస్తుంది. రెండు బ్రైట్ తీగలూ కలిసి దాదాపు 10 ఆంపియర్లు లాగుతాయి. ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత ఉన్న రాగి వైరు ఐదు మీటర్ల పొడవున అంత కరెంటు మోస్తే ఆ ఒక్క ముక్కలోనే 0.86 వోల్టు పోతుంది. నల్లబడిన స్విచ్చి, తుప్పుపట్టిన ఎర్త్ పాయింటు తమ వాటా తాము తింటాయి. ఇంజను నడుస్తుండగా, లైట్లు వెలుగుతుండగా బల్బు హోల్డరు వెనక మీటరు పెట్టి చూస్తే రెండు నిమిషాల్లో సంగతి తేలుతుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా లావు వైరు నేరుగా లైటుకు లాగి, పాత స్విచ్చిని ఒక రిలేను నడపడానికి మాత్రమే వాడుకుంటే పోయిన వెలుగు తిరిగొస్తుంది. ఆటో ఎలక్ట్రీషియన్లందరికీ తెలిసిన పనే ఇది. ఖర్చు కొత్త లైట్ల ఖర్చులో చిన్న భాగం. పూర్తి వోల్టేజీ ఇస్తే బల్బు త్వరగా పోతుందంటారు, అది నిజం. వోల్టేజీ పెరిగేకొద్దీ ఆయుష్షు వెలుగు కంటే ఎంతో వేగంగా పడిపోతుంది. 14 వోల్టుల దగ్గర ప్రమాణ ఆయుష్షులో సగం కూడా మిగలదు. దారిలో రెండు స్పేరు బల్బులు పెట్టుకోవడం ఆ వెలుగుకు చెల్లించే ధర, అది పెద్ద ధరేమీ కాదు.

ఇప్పుడు ఎల్‌ఈడీ సంగతి. ఒక వాట్‌కు ఎంత వెలుగు అన్న లెక్కలో హాలోజెన్ దాని ముందు నిలవదు. 55 వాట్లకు 1000 ల్యూమెన్లంటే వాట్‌కు 18. మంచి ఎల్‌ఈడీ 100 దాటుతుంది. నీలి ఎల్‌ఈడీ కనిపెట్టినందుకు అకసాకి, అమానో, నకమురలకు 2014లో నోబెల్ బహుమతి వచ్చింది ఊరికే కాదు. చిక్కల్లా హాలోజెన్ కోసం కట్టిన లైటులో ఎల్‌ఈడీ బల్బు గుచ్చడంతో వస్తుంది. గిన్నె అద్దం వంపును లెక్కగట్టింది ఫలానా చోట, ఫలానా పొడవున్న, చుట్టూరా వెలుగు చిమ్మే సన్నని తీగ కోసం. తీగ స్థానం మిల్లీమీటరులో కొంత భాగం జరిగినా గోడ మీది గీత చెదిరిపోతుంది. ఎల్‌ఈడీ చిప్పు బల్లపరుపుగా ఉంటుంది. దానికి వెలుగు ముఖం ఒకవైపే కాబట్టి రెండు చిప్పుల్ని వీపులు కలిపి నిలబెడతారు. మధ్యలో ఉండే రాగి పలక మందం వల్ల రెండూ తీగ ఉండాల్సిన చోటికి అటూ ఇటూ పడతాయి. ఫలితం: బండి ముందు పది మీటర్లు పాలు పోసినట్టు తెల్లగా ఉంటుంది, గీత పైన చీకటిగా ఉండాల్సిన చోట వెలుగు చిందుతుంది, దూరాన అసలు అవసరమైన చోట పాత బల్బు కంటే తక్కువ పడుతుంది. వీటి వెనక ఉండే బుల్లి ఫ్యాన్లకు మట్టిదారి దుమ్ము మొదటి శత్రువు. ఫ్యాను ఆగితే చిప్పు వేడెక్కి వెలుగు తగ్గించుకుంటుంది లేదా మాడిపోతుంది.

అన్ని ఎల్‌ఈడీ బల్బులూ ఇంతేనా అంటే కాదు. జర్మనీ 2020లో మొదటిసారి ఒక ఎల్‌ఈడీ మార్పిడి బల్బును రోడ్డు మీద వాడటానికి అనుమతించింది. ఆ అనుమతి ఇచ్చిన తీరే మనకు పాఠం. బల్బు మంచిదని తేల్చి ఊరుకోలేదు. ఏ కారు, ఏ హెడ్‌లైటులో పెట్టి పరీక్షించారో ఆ జాబితాలో ఉన్న వాటికే చెల్లుతుందన్నారు. అంటే విడి బల్బుకు మంచీ చెడూ లేవు. బల్బూ అద్దమూ కలిసిన జంటకే ఉన్నాయి. ఏడంగుళాల సైజు వాడేవారి అదృష్టం ఏమిటంటే, ఎల్‌ఈడీ కోసమే అద్దం, లెన్సు లెక్కగట్టి కట్టిన పూర్తి లైట్లు అదే గుండ్రటి చట్రంలో దొరుకుతాయి. ఖరీదు ఎక్కువే. ప్రమాణాల ముద్ర ఉన్నదాన్ని, గోడ మీద గీత నిక్కచ్చిగా పడేదాన్ని ఎంచుకుంటే ఆ డబ్బు దండగ కాదు. మంచు దేశాలకు వెళ్లేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: ఎల్‌ఈడీ వేడి వెనక్కి పోతుంది కాబట్టి ముందు గాజు చల్లగానే ఉంటుంది, పట్టిన మంచు కరగదు. వాట్లు దండగ చేసే హాలోజెన్‌కు అక్కడ ఒక ఉపకారం ఉంది.

సరే, వెలుగు సరిగా కుదిరిందనుకుందాం. ఎంత దూరం కావాలి? వెలుతురు దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుంది. ఒక దిశలో ఎంత గట్టిగా కాంతి పోతోందో చెప్పే కొలత క్యాండెలా, ఒక చోట ఎంత వెలుతురు పడుతోందో చెప్పేది లక్స్. అమెరికాలో బీమా కంపెనీల సొమ్ముతో నడిచే భద్రతా సంస్థ ఐఐహెచ్‌ఎస్ 2016లో హెడ్‌లైట్లకు మార్కులు వేయడం మొదలుపెట్టినప్పుడు ల్యూమెన్ల జోలికే పోలేదు. రాత్రి ట్రాకు మీద కారు నడిపి, 5 లక్స్ వెలుతురు ఎంత దూరం అందుతోందో, ఎదుటి కంటికి ఎంత పడుతోందో కొలిచింది. 100 మీటర్ల దగ్గర 5 లక్స్ కావాలంటే 50,000 క్యాండెలాలు చాలు. 200 మీటర్ల దగ్గర కావాలంటే 2,00,000. వెలుగు రెట్టింపు చేస్తే చూపు పెరిగేది 41 శాతమే, రెట్టింపు కాదు. ఆ తొలి పరీక్షలో 31 మధ్యతరహా కార్లలో మంచి మార్కు తెచ్చుకున్నది ఒక్కటే. ఖరీదైన కొత్తరకం లైట్లున్న కార్లు కూడా వెనకబడ్డాయి. ఫోకస్ సరిగా లేకపోవడం అందుకు పెద్ద కారణాల్లో ఒకటి. ఇదంతా ప్రయోగశాల ముచ్చట కాదు. మంచి మార్కు పొందిన లైట్లున్న వాహనాలకు రాత్రిపూట ఒంటరి వాహన ప్రమాదాలు 19 శాతం, పాదచారులను గుద్దే ప్రమాదాలు 23 శాతం తక్కువని అదే సంస్థ 2021లో లెక్క తేల్చింది. మార్కు వేసింది వెలుగు పడిన చోటుకు; తగ్గింది ప్రమాదం.

బండి ఆగే దూరాన్ని కూడా ఇదే కొలబద్ద మీద పెట్టి చూడాలి. గులకరాళ్ల దారిలో పట్టు గుణకం 0.4 అనుకుని, చూసి బ్రేకు తొక్కడానికి ఒకటిన్నర సెకను అనుకుంటే, గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి ఆగడానికి దాదాపు 96 మీటర్లు పడుతుంది. 40 కిలోమీటర్ల వేగంలో 32 మీటర్లు చాలు. మామూలు డిమ్ లైటు 5 లక్స్ ఇచ్చేది అరవై డెబ్భై మీటర్ల దాకానే. అంటే డిమ్ మీద 80లో పోయేవాడు తనకు కనబడని చోట ఆగే బండి నడుపుతున్నాడు. ఏ బల్బూ ఇవ్వలేని లాభాన్ని కుడికాలు ఇవ్వగలదన్నది నిజమే, లైట్లు మార్చడాన్ని వెక్కిరించేవారి వాదన కూడా అదే. దాన్ని కాదనలేను. కానీ 40లో పోయేవాడికీ గోతులు కనబడాలి కదా. రాళ్లదారిలో గోతులు కనబడటం వేరే లెక్క.

పగలు చదునైన మట్టిదారిలో గొయ్యి తెలిసేది ఎక్కువగా నీడ వల్లే. రాత్రి ఆ నీడ పడాలంటే లైటు కంటికన్నా కిందుండాలి. కొలతలు వేసి చూద్దాం. డ్రైవరు కన్ను 1.7 మీటర్ల ఎత్తున, హెడ్‌లైటు 0.9 మీటరు ఎత్తున ఉన్నాయి. 30 మీటర్ల దూరంలో 10 సెంటీమీటర్ల లోతు, రెండున్నర మీటర్ల పొడవు గొయ్యి ఉంది. అక్కడ హెడ్‌లైటు కిరణం మీటరుకు 3 సెంటీమీటర్ల చొప్పున దిగుతుంది. గొయ్యి ఇవతలి అంచు నీడ మూడు మీటర్లు దాటి పడుతుంది కాబట్టి గొయ్యి అడుగంతా చీకటే. కంటి చూపు మరింత నిటారుగా దిగి, ఇవతలి అంచుకు 1.8 మీటర్ల అవతల నుంచి ఆ చీకటి అడుగును చూడగలుగుతుంది. డ్రైవరుకు వెలుగు దారి మధ్యలో నల్లటి పట్టీ కనబడి బ్రేకు మీదికి కాలు పోతుంది. ఇప్పుడు అదే బండి పైకప్పు మీద, 2 మీటర్ల ఎత్తున, మిగతా లైట్లన్నీ వెలవెలబోయే లైట్ బార్ బిగించండి. దాని కిరణం మీటరుకు 6.7 సెంటీమీటర్లు దిగుతుంది. నీడ 1.5 మీటర్లకే అయిపోతుంది. కంటికి అడుగు కనబడటం మొదలయ్యేది ఆ తర్వాతే. అంటే కంటికి అందే అడుగంతా వెలుగులోనే ఉంటుంది, నీడ ఒక్క ముక్క కూడా కనబడదు. పదింతల కాంతి పోసి గోతిని మాయం చేశాం! పైకప్పు బార్ వేసిన ఫోటోలు అంత అందంగా రావడానికీ, ఆ దారి అంత చదునుగా కనబడటానికీ కారణం ఒకటే.

ఎత్తున పెట్టిన లైటుతో ఇంకో ఇబ్బంది బానెట్ మెరవడం. దగ్గరలోని మెరుపు కంటిపాపను కుదిస్తుంది, చూపును తనవైపు లాగుతుంది. కంటి లోపల చెదిరిన కాంతి రెటీనా మీద పలచటి తెర కప్పుతుంది. కంటిలోకి పడే మెరుపు ఎంత ఎక్కువైతే, అది చూపు దిశకు ఎంత దగ్గరైతే ఆ తెర అంత చిక్కబడుతుందని హాలడే, స్టైల్స్ అనే శాస్త్రవేత్తలు 1920ల్లోనే సూత్రం కట్టారు. వయసు పెరిగి కంటికటకం మసకబారేకొద్దీ ఈ తెర ఇంకా మందమవుతుంది. అందువల్ల బండి ముందు పది మీటర్లలో ఎక్కువ వెలుగుంటే డ్రైవరుకు ధైర్యం వస్తుంది కానీ దూరపు చూపు తగ్గుతుంది. డ్రైవరుకు అనిపించేదీ కొలిస్తే తేలేదీ ఎదురెదురుగా ఉండటం ఈ విషయంలో అందరినీ మోసం చేస్తుంది.

పొగమంచు, దుమ్ము కూడా ఇదే లెక్కలోకి వస్తాయి. లంబసింగి ఘాట్‌లో డిసెంబరు తెల్లవారుజామున బ్రైట్ వేస్తే ముందు తెల్లగోడ లేస్తుందని ఆ దారిన వెళ్లేవారందరికీ తెలుసు. పచ్చలైటు మంచును చీల్చుకుపోతుందన్న నమ్మకం చాలా పాతది. ఫ్రాన్సులో 1930ల చివరి నుంచి 1993 దాకా కార్లకు పచ్చటి హెడ్‌లైట్లే ఉండేవి. ఆకాశం నీలంగా ఉండటానికి కారణమైన చెదురుడు సూత్రాన్ని దీనికి రుజువుగా చూపిస్తారు. ఆ సూత్రం కాంతి తరంగం కన్నా చాలా చిన్న కణాలకే వర్తిస్తుంది. పొగమంచు బిందువులు మైక్రాన్లలో, అంటే తరంగం కన్నా పది ఇరవై రెట్లు పెద్దవి. అవి అన్ని రంగుల్నీ దాదాపు సమానంగా చెదరగొడతాయి. నీలం పాలు తక్కువున్న వెలుగు కంటికి హాయిగా ఉంటుందన్నంతవరకు పచ్చరంగుకు మద్దతు ఉంది, అంతకుమించి లేదు. ఫాగ్‌లైటుకు బలం రంగులో కాదు, చోటులో. బంపరు కింద, కంటి చూపు దారికి దూరంగా, పై అంచు గట్టిగా కోసినట్టుండే వెడల్పాటి వెలుగు కాబట్టి మన చూపు దాటే గాలిలో అది కణాల్ని వెలిగించదు. ముందు బండి లేపిన దుమ్ములో పోవడానికీ ఇదే సూత్రం.

ఇంత చేశాక కూడా చాలా బండ్లలో వెలుగు తప్పుచోట పడుతుంది, ఎందుకంటే సామాను ఎక్కించక ముందు ఫోకస్ సెట్ చేయిస్తారు. రెండు ఇరుసుల మధ్య రెండున్నర మీటర్లున్న బండిలో వెనక బరువుకు స్ప్రింగులు 5 సెంటీమీటర్లు దిగాయనుకోండి. ముక్కు 2 శాతం పైకి లేస్తుంది. డిమ్ కిరణం సాధారణంగా ఒక శాతం కిందికి వంచి ఉంటుంది. ఇప్పుడది ఒక శాతం పైకి పోతుంది. 50 మీటర్ల దూరాన దాని అంచు 1.4 మీటర్ల ఎత్తున ఉంటుంది, చిన్న కారు డ్రైవరు కంటికి కొంచెం పైన. అంటే అతని కళ్లు తీక్షణమైన వెలుగులో పూర్తిగా మునిగాయన్నమాట. నీళ్లు, డీజిల్, మనుషులతో సహా నింపిన బండిని చదునైన చోట గోడకు 10 మీటర్ల దూరాన నిలిపి, లైటు మధ్యబిందువు ఎత్తుకు 10 సెంటీమీటర్లు కింద గీత పడేట్టు స్క్రూ తిప్పితే చాలు. సామాను దించాక మళ్లీ తిప్పాలి. ఓపిక లేనివారికి లోపలి నుంచి తిప్పే లెవలింగ్ ఉన్న లైటే మేలు.

ఎడారిలో, అడవిలో ఎదురొచ్చేదెవరు, వాళ్ల కళ్ల గురించి ఇంత గొడవెందుకు అనేవారున్నారు. పైన చెప్పిన వాటిలో నీడ, దుమ్ము, దగ్గరి మెరుపు నడిపేవాడి సొంత చూపుకు సంబంధించినవే, ఎదుటివాడు లేకపోయినా వర్తిస్తాయి. పైగా ఏ బండీ అడవిలోనే పుట్టి అడవిలోనే ఉండదు. పెట్రోలు బంకుకు రావాలంటే హైవే ఎక్కాలి. మన దేశంలో 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిని తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా మార్చడాన్ని ఒప్పుకోదు కూడా. అదనపు లైట్లు నిజంగా అవసరమే, ముఖ్యంగా ఆస్ట్రేలియా మధ్యభాగంలో రాత్రి కంగారూలు అడ్డుపడే పొడవాటి సూటి దారుల్లో. అక్కడ కూడా దూరానికి సన్నగా పోయే జత లైట్లు బంపరు మీద, బానెట్ కన్నా కింద ఉండాలి. వాటి రిలేకు సంకేతం బ్రైట్ వైరు నుంచే తీసుకోవాలి, విడి స్విచ్చి దానికి తోడుగా ఉండాలి. అప్పుడు ఎదురుగా మలుపులో వెలుగు కనబడగానే డిప్పర్ ఒక్కసారి దించితే బండి మీదున్న ప్రతి దూరపు లైటూ ఒకేసారి ఆరిపోతుంది, డ్యాష్‌బోర్డు మీద బటన్ కోసం తడుముకోనక్కర్లేదు.